డిస్కు నంబరు రెండు

ఫిబ్రవరి 12

పొద్దున హగరి స్టేషన్‌లో అమ్మ నా పరువు తీసింది. నేను బళ్లారి పాసింజరు కోసం నిలబడి ఉన్నాను. అమ్మ, తనతో పాటు ఫారంలో కలుపు తీసే ఒక పెద్దమ్మ పనికి పోతూ నా దగ్గర ఆగారు.

"పాప ఏం చదువుతాండాది కరియమ్మా?" అని పెద్దమ్మ అడిగింది.

"సర్వరు కోర్సు."

"సర్వరా? హోటల్లో ఇడ్లీ తెచ్చిచ్చేదానికి కాలేజీ యాల మే?"

అమ్మ నా మొహం చూసింది. నేను విడమరిచి చెప్పాను. ఇది ఒక పెద్ద కంప్యూటరు, ఆఫీసులోని చిన్న కంప్యూటర్లు ఏం కావాలన్నా దీన్నే అడుగుతాయి, ఇది తీసి ఇస్తుంది అన్నాను.

"అట్లయితే అదీ వడ్డించేదే గదా" అంది పెద్దమ్మ.

రెండు నెలల నుంచి ఆ పాఠమే చెబుతున్న శివరామకృష్ణయ్య సారు ఇంత బాగా ఒక్కసారీ చెప్పలేదు.

ఫిబ్రవరి 15

మా కాలేజీలో సర్వర్లు రెండు. పాతది ఆఫీసుది. నాలుగువందల మంది ఇంటర్నల్ మార్కులు, హాజరు అన్నీ అందులోనే. కొత్తది ఎవరో దానమిచ్చారు. దానికి పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కట్టి, ఎదురుగా కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు లోపలికి చిందుతాయేమోనని శివరామకృష్ణయ్య సారు తన తువ్వాలు అడ్డం పట్టుకున్నారు. ఆ యంత్రం విషయంలో సారు చేసిన సాంకేతికమైన పని ఇప్పటికి అదొక్కటే. స్విచ్ మాత్రం వేయలేదు. వేస్తే తర్వాత ఏం చేయాలో ఆయనకు తెలియదు. తెలియదన్న సంగతి మాకందరికీ తెలుసని ఆయనకు తెలియదు.

రెండు సర్వర్లూ ఉన్నది గాజు గదిలో. అందులో ఏసీ ఉంది. కాలేజీ మొత్తానికి ఏసీ అదొక్కటే. అందుకే ప్రిన్సిపాల్ సారు రోజూ భోంచేశాక 'మానిటరింగ్' కోసం అందులోకి వెళ్తారు. చాప కూడా తీసుకెళ్తారు. మేము గాజుకు ముక్కులు ఆనించి సర్వర్లను చూస్తాం. పిల్లల చేతి చెమట తగిలితే పాడవుతాయట.

లోపలికి వెళ్లే హక్కు ముగ్గురికే ఉంది. ప్రిన్సిపాల్ సారు, శివరామకృష్ణయ్య సారు, ఊడ్చే ఉచ్చెంగమ్మ. ముగ్గురిలో లోపల ఏదైనా పని చేసేది ఉచ్చెంగమ్మ ఒక్కతే.

ఫిబ్రవరి 21

ఇవాళ సర్వర్ ఇన్‌స్టాల్ చేశాను. రికార్డు పుస్తకంలో.

సారు చెబుతారు, మేం రాస్తాం. "క్లిక్ నెక్స్ట్, కామా. దెన్ క్లిక్ ఐ యాక్సెప్ట్, ఫుల్‌స్టాప్." ఆ తర్వాత తెర బొమ్మ పెన్సిలుతో గీయాలి. కిటికీ గీతలు స్కేలు పెట్టి గీయకపోతే ఒక మార్కు పోతుంది. ఇన్‌స్టాల్ ఎంతవరకు అయిందో చూపే ఆకుపచ్చ గీతకు స్కెచ్ పెన్నుతో రంగు వేయాలి. నా పక్కన కూర్చునే సవిత మొత్తం గీతకు రంగు వేసేసింది.

"అంత జల్దీ అయిపోయిందా నీది?" అని సారు అడిగారు. నవ్వుతూ కాదు.

నాది నలభై మూడు శాతం దగ్గర ఆపాను. 'గుడ్' అని సంతకం పెట్టారు. నేనే క్లాసుకు టాపర్‌ని. బొమ్మలు బాగా వేస్తాను.

ఫిబ్రవరి 27

బ్యాకప్ పాఠం అయిపోయింది. డేటాకు రోజూ నకలు తీసి ఇంకో చోట దాచాలి. ఐదు రంగుల్లో పటం వేశాను. క్లాసంతా పటం చుట్టూ మూగారు. ఆఫీసు మార్కులకు నకలు ఎక్కడుంది సార్ అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పరీక్షలో రాని ప్రశ్న అది.

మార్చి 5

ఏప్రిల్‌లో యూనివర్సిటీ నుంచి తనిఖీ కమిటీ వస్తుందట. కొత్త సర్వర్ పనిచేస్తూ కనిపించాలి. లేకపోతే వచ్చే ఏడు ఈ కోర్సుకు అనుమతి ఉండదు.

సారు నన్ను స్టాఫ్ రూముకు పిలిచారు. తలుపు దగ్గరికి వేశారు. ఆయన అంత మర్యాదగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"రంజితా, నువ్వు టాపరు గదమ్మా. ఆ కొత్తది ఇన్‌స్టాల్ చేసేది... నేను చేసేవాణ్ణే. నాకి బీపీ ఉండాది. స్క్రీను చూస్తే కండ్లు తిరుగుతాయి."

"నేనెప్పుడూ నిజంగా చేయలేదు సార్."

"రికార్డులో చేసినావు గదా! అదే. సేమ్. నువ్వు చేసి పెట్టు. తోరణగల్లు దగ్గర ఆ ఫ్యాక్టరీలో సర్వర్ అప్రెంటిస్ తీసుకుంటాండారు, ఒక్క పేరు పంపమన్నారు. నీ పేరే పంపిస్తా."

చేస్తానన్నాను. చేయగలనా అని అనుమానం రాలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా రావడం లేదు. యూట్యూబ్‌లో మూడు వీడియోలు చూశాను.

మార్చి 11

మధ్యాహ్నం మూడింటికి ప్రిన్సిపాల్ సారు చాప చుట్టుకుని బయటికి రాగానే నేను లోపలికి వెళ్లాను. తాళం చెవి, పాస్‌వర్డు రాసిన చీటీ సారు ఇచ్చారు. లోపలి నుంచి గడియ పెట్టుకున్నాను. చల్లగా ఉంది. ఈ సుఖం కోసమే మనుషులు సర్వర్లు కొంటారేమో.

మధ్యలో ఉచ్చెంగమ్మ తలుపు తట్టింది. "పాపా, ఊడ్చిపోతా." రేపు రమ్మని గాజులోంచి చేయి ఊపాను. వెళ్లిపోయింది.

తెర మీద అచ్చం నేను గీసినట్టే వచ్చింది. నెక్స్ట్. ఐ యాక్సెప్ట్. ఏ డిస్కులో వేయాలి అని అడిగింది. మూడు చూపించింది: సున్నా, ఒకటి, రెండు. రికార్డులో ఒక్కటే గీశాం. అన్నిటికన్నా పెద్దది రెండో నంబరు, దాన్ని ఎంచుకున్నాను. చోటు చాలదంది. ఉన్నదాన్ని తీసేసెయ్ అన్నాను. ఏదో హెచ్చరిక వచ్చింది. ఓకే నొక్కాను. హెచ్చరిక వస్తే ఓకే నొక్కవలెను అని రికార్డులో పదకొండు చోట్ల రాశాను.

గంటలో అయిపోయింది. సారు గాజు బయట నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. నాకో, యంత్రానికో తెలియలేదు.

ఏ ఇబ్బందీ రాలేదు.

మార్చి 12

ఏ ఇబ్బందీ రాలేదు. అప్రెంటిస్‌కు నా పేరు పంపారట.

మార్చి 13

ఆఫీసులో మార్కులు తెరుచుకోవడం లేదు. పాత సర్వర్ ఆడుతూనే ఉంది, లోపల ఏమీ లేదు. నాలుగువందల మంది మార్కులు, మూడేళ్ల హాజరు, అన్నీ పోయాయి.

పాత సర్వర్ తన సామానంతా కింద విడిగా ఉన్న డిస్కుల పెట్టెలో దాచుకుంటుంది. ఆ పెట్టెకు కొత్త సర్వర్ వైర్ కూడా తగిలించి ఉంది. దానం రోజున ఎవరో తగిలించారు, అందంగా ఉంటుందని. ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది. అంటే మొన్న తెలియదు. తెలియకుండా చేసినదాన్ని చేయడం అనరు.

పైగా ఇంకేదైనా కారణం ఉండొచ్చు.

మార్చి 14

కారణం దొరికింది. విచారణ జరిగింది, పదినిమిషాల్లో. అందులో కాఫీకి ఐదు.

శివరామకృష్ణయ్య సారు చెమట తుడుచుకుంటూ అన్నారు: "కరెంటు సడన్‌గా పోతే డేటా కాలిపోతాది సార్. ఎవరో ప్లగ్గు పీకినట్టుండాది."

ప్రిన్సిపాల్ సారు: "ఆ గదిలో ప్లగ్గులు ముట్టేది ఎవరు?"

అందరూ తలుపు వైపు చూశారు. ఉచ్చెంగమ్మ చీపురుతో అక్కడే నిలబడి ఉంది. ఆమె ఒకసారి ఆ గదిలో ఫోను చార్జింగ్ పెట్టడం సారు చూశారట. పోయిన దీపావళికి.

"నేనెందుకు పీకుతా సామీ? ఆ పొద్దు నేను లోపలికే పోలే..." అని ఆమె మొదలుపెట్టింది.

"ఆయ్తు, ఆయ్తు. హోగు" అన్నారు ప్రిన్సిపాల్ సారు కన్నడలో, ఇక చాలు పొమ్మని. తొమ్మిదేళ్ల పని. రేపటి నుంచి రావద్దన్నారు.

నేను సారు సంతకానికి తెచ్చిన రికార్డు పుస్తకాలు పట్టుకుని ఒక మూల నిలబడి ఉన్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేను ఏ అబద్ధమూ చెప్పలేదు.

మార్చి 15

ఫోను చార్జింగ్ పెట్టిన మాట నిజమే కదా. నిబంధన నిబంధనే.

మార్చి 16

నేను ఏ అబద్ధమూ చెప్పలేదు.

మార్చి 20

మార్కులు మళ్లీ పుట్టాయి. సారు స్టాఫ్ రూములో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి, మొహం చూసి, 'జ్ఞాపకం' తెచ్చుకుని మార్కులు వేశారు. హాజరే లేని హులిగేశ్‌కు ఇరవై రెండు వచ్చాయి. వాడు లైబ్రరీ ముందు డాన్సు చేశాడు. "ఉచ్చెంగమ్మ చల్లగుండల్ల! ఆ ప్లగ్గుకు దండ ఏయాల" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

సవితకు మాత్రం తగ్గాయి. సారుకు ఆమె మొహం సరిగా గుర్తు లేదట.

నాకు ఇరవై అయిదుకు ఇరవై అయిదు.

ఇంత నష్టం జరిగినా ఇంతమంది సంతోషంగా ఉన్నారంటే జరిగింది మంచికేనేమో. ఈ వాక్యం రాసి రెండుసార్లు చదివాను. కొట్టేయడం లేదు. ఎంత దాకా వచ్చానో కనిపించాలి.

మార్చి 26

అమ్మ సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ చెప్పింది. "ఫారంలో కొత్తగా ఒకామె చేరె. మీ కాలేజీలో ఊడ్చేదంట. ఉచ్చెంగమ్మ. నీకి తెలుసా?"

"ఊఁ."

"పాపం, చేతులు బొబ్బలెక్కినాయి. కలుపు అలవాటు లే. ఏమో ప్లగ్గు పీకిందని తీసేసినారంట. ఎవరు చేసిన పనో ఏమో మే?"

"నాకేం తెలుసు?" అన్నాను.

ఇన్నాళ్లూ నేను ఏ అబద్ధమూ చెప్పలేదు అని రాస్తూ వచ్చాను. ఇక రాయడానికి లేదు.

మార్చి 28

కాలేజీ ఎగ్గొట్టి ఫారానికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకు నేను చెప్పుకున్న కారణం: పాపం, ఆమె ఎలా ఉందో చూద్దామని. అసలు కారణం: ఆమెకు తెలుసా లేదా అని.

జొన్న చేను గట్టు మీద కూర్చుని సద్ది విప్పుతోంది. నన్ను చూసి లేవలేదు, రమ్మనలేదు.

"బాగుండావా అక్కా?"

"కనపడతాండాది గదా."

గట్టు మీది మట్టి చూస్తూ అన్నాను: "ఆ రోజు నేను లోపలున్నానని... నువ్వు చూశావు. మరి ఎవరికీ చెప్పలేదా?"

ఆమె దయతో నన్ను కాపాడిందేమోనని నా ఊహ. అలా అయితే ఆమె కాళ్ల మీద పడి ఏడ్చి ఇంటికి పోవచ్చు. ఆ ఏడుపుకు సిద్ధపడే వెళ్లాను.

"యాల చెప్పలే?" అంది ఉచ్చెంగమ్మ. "మూడు సార్లు చెప్తి. ప్రిన్సిపాలుకు చెప్తి, మీ సారుకు చెప్తి, మళ్లా పోయి ఆఫీసులో చెప్తి. లోపల గడియేసుకొని ఉండేది ఆ హగరి పాప, నేను గాదు అంటి. ప్రిన్సిపాలు నవ్వె. 'ఆ పాప టాపరు, కమిటీకి ఆ పాపనే సర్వరు చూపించాల, సుమ్నే హోగమ్మ' అని గమ్మున పొమ్మనె."

ఆమె సద్ది గిన్నె మూత తీసింది.

"నిన్ను కాపాడేదానికి నువ్వేమన్నా నా కూతురా?" అంది. "నీ పేరు చెప్పేకి నాకేం బయం లే. ఇనేవాళ్లు లే, అంతే. ఇప్పుడు నువ్వు ఈడికి వస్తివి. నాకి చెప్పేదేముండాది? చెప్పాల్సిన తావుకు పో."

ముద్ద కలుపుకుని తినడం మొదలుపెట్టింది. నేనింకా నిలబడే ఉన్నాను.

"నీడ పడతాండాది. పక్కకు జరుగు" అంది.

మార్చి 30

ఇవాళ గాజు గదిలోకి వెళ్లాను. కమిటీ కోసం ప్రాక్టీసు అని చెప్పాను. కొత్తదాని ముందు కాదు, పాతదాని ముందు కూర్చున్నాను.

సర్వర్ తనకు జరిగిన ప్రతిదీ తేదీ, టైముతో రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. అది డిస్కుల పెట్టెలో కాదు, సర్వర్ లోపలే ఉంటుంది. పాఠంలో ఉంది, ఐదు మార్కుల ప్రశ్న. తెరిచి చూశాను. చివరిసారి ఆగి మళ్లీ మొదలైంది పోయిన ఆగస్టులో. అప్పటి నుంచి రెండువందల పై చిలుకు రోజులు ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ప్లగ్గు పీకితే ఆగాలి. ఎవరూ పీకలేదు. మార్చి పదకొండు, మూడు గంటల నలభై రెండు నిమిషాలకు మాత్రం ఒక వాక్యం: డిస్కు రెండు కనిపించడం లేదు.

ఇది చూడటానికి రెండు నిమిషాలు పట్టింది. విచారణ రోజున కాఫీ తాగే లోపు చూసి ఉండొచ్చు. సారుకు చూడటం తెలియదు. నాకు తెలుసు.

ప్రింటు తీశాను.

ఏప్రిల్ 2

జరిగినదంతా ఒక పేజీలో రాసి, సంతకం పెట్టి, ప్రింటు జతచేసి ప్రిన్సిపాల్ సారుకు ఇచ్చాను. శివరామకృష్ణయ్య సారు కూడా అక్కడే ఉన్నారు. ప్రిన్సిపాల్ సారు చదివారు. మళ్లీ చదివారు. నిదానంగా మడిచారు.

"ఎల్లుండి కమిటీ వస్తాండాది. ఇప్పుడు ఇదేందమ్మా?"

"ఉచ్చెంగమ్మను మళ్లీ తీసుకోండి సార్. తప్పు నాది."

"తీసుకుందాం, తీసుకుందాం. కమిటీ పోనీ."

"పేపరు మీద రాసి ఇవ్వండి సార్."

శివరామకృష్ణయ్య సారు మధ్యలోకి వచ్చారు. "రంజితా, ఇది బయటపడితే పాస్‌వర్డు నీకి ఇచ్చిందెవరు అంటారు. నాకి రిటైర్‌మెంటు రెండేండ్లుండాది. నీ అప్రెంటిసూ పోతాది. ఎవరికి లాభం?"

ఇన్నాళ్లూ ఆయన మీద జోకులు రాశాను. ఇవాళ ఆయన మొహం చూస్తే, మార్చి పదమూడున అద్దంలో చూసుకున్న మొహమే. జోకు రాలేదు.

నా కాగితాన్ని ప్రిన్సిపాల్ సారు సొరుగులో పెట్టి తాళం వేశారు. ఈ కాలేజీలో దేన్నైనా భద్రంగా దాచడం మొదటిసారి చూశాను.

ఏప్రిల్ 4

కమిటీలో ముగ్గురు. ఇద్దరు మగవాళ్లు భోజనంలో ఒబ్బట్టు ఉందా అని అడిగారు, ఉందని తెలిశాక ఇంకేమీ అడగలేదు. మూడో ఆవిడ, కళ్లజోడు పెట్టుకున్న మేడం, గాజు గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇన్‌స్టాల్ చేసిందెవరు?"

"మా గైడెన్స్‌లో, మా విద్యార్థిని" అన్నారు ప్రిన్సిపాల్ సారు.

మేడం నన్ను అడిగారు, నేను చూపించాను. యూజర్లను చేర్చడం, అనుమతులు ఇవ్వడం, తీసేయడం. చేతులు తడబడలేదు. ఈ మూడు వారాల్లో నిజంగానే కొంత నేర్చుకున్నాను. ఆవిడ తల ఊపారు. ప్రిన్సిపాల్ సారు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నారు.

"గుడ్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏమైనా సమస్య వచ్చిందా?"

"నో, నో, నో మేడం" అన్నారు శివరామకృష్ణయ్య సారు.

ఆవిడ నన్నే చూస్తున్నారు. అక్కడ ఊరుకుంటే చాలు. అంతకుముందు ఊరుకోవడం నాకు బాగానే చేతనయింది.

"వచ్చింది మేడం. తప్పు డిస్కు ఎంచుకున్నాను. కాలేజీ మార్కులన్నీ తుడిచేశాను. ఊడ్చే ఆమె ప్లగ్గు పీకిందని పనిలోంచి తీసేశారు. ఆమె పీకలేదు. లాగ్ ఉంది, చూపిస్తాను."

చూపించాను. నా గొంతు నాకే వినపడలేదు, ఏసీ చప్పుడు మాత్రం వినిపించింది. మేడం లాగ్ చదివి, ఇప్పుడున్న మార్కులు ఎక్కడివి అని అడిగారు. జ్ఞాపకం అని నేను చెప్పాను.

ఒబ్బట్టు తినడానికి ఆవిడ రాలేదు.

ఏప్రిల్ 9

కమిటీ రాసిందిట: కోర్సుకు అనుమతి ఇవ్వవచ్చు. ఇంటర్నల్ పరీక్షలు అందరికీ మళ్లీ పెట్టాలి. ఊడ్చే మనిషిని తిరిగి తీసుకోవాలి. రంజిత ఇంటర్నల్ మార్కులు సున్నా. శివరామకృష్ణయ్య సారుకు మెమో. ప్రిన్సిపాల్ సారు పేరు ఎక్కడా లేదు. ఆయన పర్యవేక్షణ ప్రశంసనీయం అని మాత్రం ఉందట.

అప్రెంటిస్‌కు నా పేరు తీసేసి సవిత పేరు పంపారు. సారుకు ఇప్పుడు ఆమె మొహం గుర్తొచ్చినట్టుంది.

ఏప్రిల్ 10

హులిగేశ్ నా బ్యాగులో సగం కొబ్బరిచిప్ప, నిమ్మకాయ పెట్టాడు. మీద చీటీ: 'సర్వర్ దేవతకు.' ఇరవై రెండు మార్కులు పోయినవాడి కోపం అది. క్లాసులో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. నా పక్క బెంచీ ఖాళీ. సవిత కూడా వెనక్కి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 11

అమ్మకు చెప్పాను. ఇంట్లో తెలియాలి కదా. అమ్మ అడిగింది: "ఆ పొద్దు నేను అడిగినప్పుడు 'నాకేం తెలుసు' అంటివి గదా?"

మార్కుల గురించి ఒక్క మాట అడగలేదు. అప్రెంటిస్ గురించీ అడగలేదు. అదొక్కటే అడిగింది, అన్నం పెట్టింది.

ఏప్రిల్ 22

ఉచ్చెంగమ్మ ఇవాళ పనిలోకి వచ్చింది.

రెండో పీరియడ్. సారు చెబుతున్నారు, అందరూ రాస్తున్నారు. నేను ముందు బెంచీలో ఒక్కదాన్నే ఉన్నాను. ఆమె వరండా ఊడ్చి క్లాసులోకి వచ్చింది. చేతుల మీద బొబ్బలు మానిన మచ్చలున్నాయి. నేను పెన్ను కింద పెట్టాను. పది రోజుల నుంచి కూడబెట్టుకున్న మాటలు నోటి దాకా వచ్చాయి. "అక్కా..." అన్నాను.

ఆమె చీపురుతో నా బెంచీ కాలును తట్టింది.

"కాళ్లెత్తు" అంది.

ఎత్తాను. కింద ఊడ్చుకుని తర్వాతి బెంచీకి వెళ్లింది.